పాదరసం: ఆ పేరుకు అర్థమేమిటి? దానితో మనకు జాగ్రత్తేమిటి?



కొన్నేళ్ల క్రితం ఒక మధ్యాహ్నం, ఓ.పి. ముగిసే వేళకు, ఉప్పు మడుల్లో పనిచేసే కుటుంబం నుండి ఒక మామ్మగారు మా దగ్గరకు వచ్చారు. చేతిలో చిన్న కాగితం పొట్లం. విప్పి చూస్తే అందులో ఒక ఉంగరం ఉంది. అది బంగారు ఉంగరమే గాని వెండిలా తెల్లబడిపోయింది.

“నర్సమ్మగారూ, మా గుంటడు జొరం సూసే గాజుపుల్ల ఇరగ్గొట్టేసినాడు. అందులో రసం నేలంతా పాకిపోనాది. నాను సేత్తో ఏరినాను. ఉంగరం ఇలాగైపోనాది. నిప్పుల మీద కాలిస్తే రసం ఎగిరిపోయి బంగారం మల్లీ వస్తాదని పక్కింటోళ్లు సెప్పినారు. కాల్సీమంటారా?” అని అడిగారు.

మేము ఉంగరం సంగతి పక్కన పెట్టి, “మామ్మగారూ, గుంటడు ఎక్కడున్నాడు?” అని అడిగాము. ఆ గదిలోనే పడుకున్నాడని చెప్పారు. తలుపులు వేసి ఉన్నాయి, పైన ఫ్యాను తిరుగుతోంది. మా ముఖాలు చూసి ఆమె ఆశ్చర్యపోయారు. “రసమే గదమ్మా! మందుల్లో కూడా ఏస్తారు గదా!” అన్నారు.

ఆమె తప్పేమీ లేదు. ఆ లోహానికి పెద్దలు పెట్టిన పేరే అలాంటిది. అందుకే ఈసారి పాఠంలో పాదరసం పేరు గురించి, ఆ పేరు వెనుకనున్న ప్రమాదం గురించి తెలుసుకుందాము.

పాదరసం అంటే ఏమిటి?

ఇనుము, రాగి, బంగారం వలె పాదరసం కూడా ఒక లోహమే. అయితే మిగతా లోహాలు గట్టిగా ఉంటే ఇది నీరులాగ ద్రవంగా ఉంటుంది. సున్నాకు కింద సుమారు 39 డిగ్రీల సెల్సియస్ చలి ఉంటేగాని గడ్డకట్టదు. చాలా బరువైనది. ఒక లీటరు నీరు ఒక కిలో తూగితే, ఒక లీటరు పాదరసం సుమారు పదమూడున్నర కిలోలు తూగుతుంది. ఇనుప మేకు వేస్తే మునగకుండా పైన తేలుతుంది. నేలమీద పడితే తడి చేయదు, ముత్యాల్లా గుండ్లు గుండ్లుగా విడిపోయి పరుగెత్తుతుంది.

ఆ పరుగు చూసే మన వాళ్లు మాటల్లో వాడుకున్నారు. ఒక్కచోట కుదురుగా కూర్చోని పిల్లవాడిని “పాదరసం” అంటారు. చురుకైన వాడిది “పాదరసం లాంటి బుర్ర” అంటారు. దొరకకుండా తప్పించుకునే మనిషి “పాదరసంలా జారిపోయాడు” అంటారు.

పేరు ఎక్కడిది?

పాదరసం అనగానే పాదాలున్న రసమేమో, అందుకే పరుగెడుతున్నదేమో అనిపిస్తుంది. సంస్కృతంలో దీని పేరు పారదం. మన మాటకూ దానికీ పోలిక తెలిసిపోతూనే ఉంది. హిందీలో పారా అంటారు. పర్లాకిమిడి వైపు నుండి మన ఆసుపత్రికి వచ్చే ఒడియా వారిని అడగండి, వారు కూడా పారా, పారద అంటారు. కన్నడం, తమిళం వారు మనలాగే పాదరసం అంటారు.

పారదం అనే మాటకు పాత రసవాద గ్రంథాలవారు ఒక అర్థం చెప్పుకున్నారు. పారం అంటే అవతలి ఒడ్డు. అవతలి ఒడ్డును ఇచ్చేది పారదం. దీనిని శుద్ధి చేసి సేవిస్తే ముసలితనం, చావు లేకుండా ఒడ్డున పడవచ్చునని వారు నమ్మారు. రాగిని, ఇనుమును బంగారం చేయవచ్చునని కూడా నమ్మారు. ఆ విద్యకు రసవాదం అని పేరు. మన శ్రీశైలం కొండల్లో సిద్ధ నాగార్జునుడు ఈ విద్య సాధించాడని కథలు చెప్పుకుంటారు.

ఇక రెండవ సగం, రసం. ఈ మాటకు ఎన్ని అర్థాలో చూడండి. పండును పిండితే వచ్చేది రసం, అన్నంలో పోసుకునేది రసం, కథలో ఆనందం రసం. పాత వైద్యంలో మాత్రం ఉత్త రసం అంటేనే పాదరసం. మేము నర్సింగు చదువుకునే రోజుల్లో మాతో కేరళ అమ్మాయిలు ఉండేవారు. వారి భాషలో పాదరసాన్ని రసం అనే అంటారు. థర్మామీటరు పగిలినప్పుడు “రసం పోయింది” అని వారు కంగారుపడితే, వంటగదిలో చారు ఒలికిందేమో అనుకున్నాము.

ఇది నవ్వుకునే సంగతే గాని మందుల సీసా చేతిలో ఉన్నప్పుడు మాత్రం కాదు. రససింధూరం, రసభస్మం, రసకర్పూరం, ఇవన్నీ పాదరసంతో చేసేవే. రసకర్పూరం అనే పేరులో కర్పూరం ఉన్నా, మనం వెలిగించే కర్పూరానికీ దానికీ సంబంధం లేదు. అది పాదరసంతో చేసిన తెల్లని పొడి.

ఇతర దేశాలవారు ఏమని పిలిచారు?

గ్రీకులు దీనిని నీటి వెండి అన్నారు. నీరుకు హూడోర్, వెండికి ఆర్గూరోస్, ఈ రెండూ కలిసి హైడ్రార్జిరం అయింది. మీ బి.పి. చీటీ మీద అంకె పక్కన ఎంఎం హెచ్‌జి అని అచ్చయి ఉంటుంది. ఆ హెచ్‌జి అంటే ఈ హైడ్రార్జిరమే. గ్రీకు ఆర్గూరోస్‌కూ, వెండికి మనం చెప్పే రజతం అనే మాటకూ మూలం ఒక్కటేనని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు.

ఇంగ్లీషులో పాత పేరు క్విక్ సిల్వర్. క్విక్ అంటే ఇప్పుడు త్వరగా అని అర్థం. పూర్వం ఆ మాటకు ప్రాణమున్న అని అర్థం. ఇంగ్లీషులో విశ్వాస ప్రమాణం చెప్పేవారికి ఇది తెలుసు, అక్కడ సజీవులు అనే చోట పాత ఇంగ్లీషులో క్విక్ అనే మాటే ఉంది. అంటే ప్రాణమున్న వెండి అన్నమాట.

మెర్క్యురీ అనేది రోమనుల దేవత పేరు. వార్తలు మోసుకుపోయే వేగమైన దూతగా ఆ దేవతను చెప్పుకునేవారు. గ్రీకులు అదే దేవతను హెర్మే అన్నారు. అపొస్తలుల కార్యములు 14వ అధ్యాయం చదివినవారికి ఈ పేరు గుర్తుండాలి. లుస్త్ర పట్టణంలో జనులు పౌలును హెర్మే అని పిలిచి పూజించబోయారు, ఎందుకంటే మాట్లాడేది ఆయనే గనుక. సూర్యుని చుట్టూ 88 రోజుల్లోనే తిరిగివచ్చే బుధ గ్రహానికి కూడా రోమనులు ఈ పేరే పెట్టారు. పూర్వం రసవాదులు ఒక్కొక్క లోహానికి ఒక్కొక్క గ్రహాన్ని ముడిపెట్టారు. బంగారానికి సూర్యుడు, వెండికి చంద్రుడు, ఇనుముకు అంగారకుడు, పరుగెత్తే ఈ లోహానికి బుధుడు. తరువాత మిగతా లోహాలకు ఆ గ్రహాల పేర్లు పోయాయి గాని దీనికి మాత్రం మెర్క్యురీ అనే పేరు నిలిచిపోయింది.

ఒడ్డు చేర్చేది, ప్రాణమున్నది, దేవదూత. ఇన్ని దేశాలవారు ఇన్ని మంచి పేర్లు పెట్టారు. కాని శరీరం లోపలికి వెళ్లాక అది చేసే పని వేరు.

ఆసుపత్రిలో పాదరసం

ఆసుపత్రులకు పాదరసం ఎంతో సేవ చేసిందన్న మాట నిజం. వేడికి క్రమంగా వ్యాకోచిస్తుంది, గాజుకు అంటుకోదు. అందుకే 1714లో ఫారెన్‌హీట్ దీనితో థర్మామీటరు చేశాడు. మొదట్లో జ్వరం చూసే థర్మామీటరు సుమారు ఒక అడుగు పొడవుండేది, చాలాసేపు పెట్టి ఉంచవలసి వచ్చేది. 1860ల్లో ఇంగ్లండులో ఆల్‌బట్ అనే వైద్యుడు దానిని జేబులో పట్టేంత చిన్నది చేశాడు.

రక్తపోటు కొలిచే పరికరాన్ని 1896లో ఇటలీ వైద్యుడు రీవా రోచ్చి తయారుచేశాడు. చేతికి పట్టీ కట్టి గాలి ఎక్కిస్తే, ఆ ఒత్తిడికి గాజు గొట్టంలో పాదరసం పైకి లేస్తుంది. మీ బి.పి. 120 అంటే, మీ రక్తనాళంలో ఒత్తిడి పాదరసాన్ని 120 మిల్లీమీటర్ల ఎత్తుకు నిలబెట్టగలదని అర్థం. అదే నీటితో కొలవాలంటే మనిషి ఎత్తు గొట్టం కావాలి, సుమారు 163 సెంటీమీటర్లు. బరువైనది గనుకనే పాదరసం చిన్న పెట్టెలో ఇమిడింది.

మేము శిక్షణలో ఉండగా థర్మామీటరు విదిలించి పాదరసం దించటం మొదటి పాఠం. ఒకసారి విదిలించేటప్పుడు మంచం కోడుకు తగిలి పగిలింది. సిస్టరుగారు కోప్పడతారన్న భయంతో, వచ్చిన గుండ్లను చీపురుతో మూలకు తోసేసి ఊరుకున్నాము. మాలో ఎవరికీ తెలియని విషయం ఏమిటంటే, చీపురు తగిలితే ఒక్క గుండు వంద గుండ్లవుతుంది, ఆవిరి మరింత ఎక్కువగా లేస్తుంది. ఆ వార్డులో పసిపిల్లలు ఉన్నారు. ఇప్పటికీ ఆ సంగతి తలచుకుంటే బాధ కలుగుతుంది.

శరీరంలో ఏం చేస్తుంది?

చాలామంది పాదరసం మింగితే చనిపోతామని భయపడతారు, పీల్చే ఆవిరిని మాత్రం పట్టించుకోరు. నిజానికి జాగ్రత్త పడవలసింది ఆవిరి విషయంలోనే. థర్మామీటరులోని ద్రవ పాదరసం పొరపాటున మింగితే, దాదాపు అంతా మలంలో బయటికి పోతుంది. అక్కడ ప్రమాదం గాజు ముక్కలతో. కాని గది వేడికే పాదరసం కంటికి కనబడని, వాసన లేని ఆవిరిగా మారుతూ ఉంటుంది. ఆ ఆవిరిని పీలిస్తే నూటికి 80 వంతులు ఊపిరితిత్తుల నుండి రక్తంలోకి చేరుతుంది. అక్కడినుండి మెదడుకు, మూత్రపిండాలకు వెళుతుంది.

కొద్దికొద్దిగా చాలాకాలం పీల్చినవారికి చేతులు వణకటం, చిగుళ్లు వాచటం, నిద్ర పట్టకపోవటం, ఊరకే చిరాకు, మతిమరపు కనిపిస్తాయి. మూత్రంలో ప్రోటీను పోతుంది. ఒక్కసారే ఎక్కువ ఆవిరి పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. బంగారానికి అంటిన పాదరసాన్ని ఇంట్లో నిప్పుల మీద కాల్చటం అందుకే అన్నిటికంటె ప్రమాదం. మామ్మగారు ఆ రోజు కాల్చకుండా ముందు మా దగ్గరకు రావటం ఆ ఇంటిల్లిపాదికీ మేలయింది.

మందుగా వాడితే?

పూర్వం మనవాళ్లే కాదు, ఇంగ్లీషు వైద్యులు కూడా పాదరసాన్ని మందుగా ఇచ్చారు. పళ్లు వచ్చే పసిపిల్లలకు పాదరసం కలిసిన పొడులు వాడారు. ఆ పిల్లలకు చేతులు, కాళ్లు గులాబీ రంగుకు తిరిగి, నొప్పితో ఏడుస్తూ ఉండేవారు. కారణం పాదరసమేనని 1940ల చివరలో తేలింది. పొడులు ఆపాక ఆ జబ్బు దాదాపు కనబడకుండా పోయింది. గాయాలకు మేము పూసిన ఎర్రమందు, అంటే మెర్క్యురోక్రోమ్, దానిలో కూడా పాదరసం ఉంది. పేరులోనే మెర్క్యురీ ఉన్నా మేము ఏనాడూ గమనించలేదు.

ఆకులు, వేర్లతో చేసే మందులన్నిటినీ మేము తప్పుపట్టటం లేదు. రసౌషధాల సంగతి వేరు. 2008లో అమెరికా వైద్య పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. ఇంటర్నెట్ ద్వారా అమ్మే 193 రకాల ఆయుర్వేద మందులను పరీక్షిస్తే, సుమారు అయిదింట ఒక వంతు మందుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి బయటపడింది. మన దేశ చట్టం ప్రకారం పాదరసం వంటి విష పదార్థాలు కలిసిన ఆయుర్వేద మందుల మీద, వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక ఉండాలి. సంతలో పొట్లం కట్టి ఇచ్చేవాటికి హెచ్చరికా ఉండదు, పేరూ ఉండదు.

మన ప్రాంతంవారికి ఎందుకు ముఖ్యం?

మన పక్కనే ఉద్దానం ఉంది. అక్కడ మూత్రపిండాల జబ్బుతో ఎన్ని కుటుంబాలు నలిగిపోయాయో మీకు చెప్పనక్కరలేదు. ఆ జబ్బుకు పాదరసం కారణమని మేము అనటం లేదు. దాని కారణం ఇది అని తేల్చిచెప్పిన వారు లేరు. పలాసలో 2023లో దానికోసమే పరిశోధనా కేంద్రం, ఆసుపత్రి ప్రారంభించారు. మేము చెప్పేది ఒక్కటే. మూత్రపిండాలు ఇదివరకే బలహీనంగా ఉన్న ఇంట్లో, వాటిని దెబ్బతీస్తుందని తెలిసిన వస్తువును మన చేతులతో తెచ్చిపెట్టుకోకూడదు.

ముఖం తెల్లబడటానికి పూసుకునే క్రీముల విషయంలో కూడా ఇదే మాట. కొన్నిటిలో పాదరసం కలుపుతారు. కేరళలోని మలప్పురం జిల్లాలో అలాంటి క్రీములు వాడినవారికి మూత్రపిండాల జబ్బు వచ్చినట్లు 2023లో అక్కడి వైద్యులు ప్రకటించారు. తయారీదారు పేరు, చిరునామా లేని క్రీము ఎంత చవకగా వచ్చినా కొనవద్దు. మన ఆడపిల్లల రంగు దేవుడిచ్చినది, దానికి మందు అక్కరలేదు.

ఇక చేపలు. జపానులోని మినమాట అనే ఊళ్లో ఒక కర్మాగారం పాదరసం కలిసిన వ్యర్థాలను సముద్రంలోకి వదిలింది. అది చేపల్లోకి, చేపల నుండి జాలరి కుటుంబాల్లోకి చేరింది. పెద్దలకు వణుకు, చూపు పోవటం, పుట్టే పిల్లలకు మెదడు దెబ్బతినటం కలిగాయి. 1956లో ఆ జబ్బును అధికారికంగా గుర్తించారు. ఆ ఊరి పేరుతోనే 2013లో అనేక దేశాలు పాదరసం తగ్గించుకునే ఒప్పందం చేసుకున్నాయి. మన దేశం దానిని 2018లో ఆమోదించింది.

అలాగని చేపలు మానవద్దు, అవి మంచి ఆహారం. చిన్న చేపలను పెద్ద చేపలు తింటాయి గనుక పాదరసం పెద్ద చేపల్లోనే ఎక్కువగా పోగవుతుంది. గర్భిణీలు, పాలిచ్చే తల్లులు పెద్ద సొర, కొమ్ముకోనం వంటివి తగ్గించి, కవళ్లు, కానాగంతలు వంటి చిన్న చేపలు తింటే చాలు.

ఇంట్లో థర్మామీటరు పగిలితే ఏం చేయాలి?

1. ముందు పిల్లలను, గర్భిణీలను, పెంపుడు జంతువులను ఆ గది నుండి బయటికి పంపండి.
2. ఫ్యాను, ఏ.సి. ఆపండి. వీధి వైపు కిటికీలు తెరవండి. ఇంటి లోపలి వైపు తలుపు మూయండి.
3. ఉంగరాలు, గాజులు, గొలుసులు తీసేయండి. పాదరసం బంగారాన్ని వెంటనే అంటుకుంటుంది.
4. చీపురు, వాక్యూమ్ క్లీనరు వాడవద్దు. చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని, రెండు అట్టముక్కలతో గుండ్లను దగ్గరకు చేర్చండి. మందు వేసే డ్రాపరుతో పీల్చవచ్చు. టార్చిలైటు నేలకు ఆనించి పక్కకు వేస్తే మిగిలిన గుండ్లు మెరుస్తాయి. సన్నవాటిని ప్లాస్టరుతో అద్ది తీయండి.
5. అంతా కొంచెం నీళ్లున్న సీసాలో వేసి, మూత గట్టిగా బిగించండి. గాజు ముక్కలు, అట్టలు, ప్లాస్టరు ఒక కవరులో వేసి మూతి కట్టండి.
6. నూతిలో, చెరువులో, కాలువలో, మరుగుదొడ్డిలో పోయవద్దు. పొయ్యిలో, చెత్తమంటలో వేయవద్దు. ఆసుపత్రికి తెచ్చి ఇవ్వండి, మేము పద్ధతి ప్రకారం పంపుతాము.
7. పాదరసం పడిన బట్టలు ఉతకవద్దు. ఒక రోజంతా గాలి ఆడనివ్వండి.

తరచు అడిగే ప్రశ్నలు

పిల్లవాడు పాదరసం మింగేశాడు. వాంతి చేయించాలా?
వద్దు. నోట్లో గాజు ముక్కలున్నాయేమో చూసి, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

బడి పిల్లలు సీసాలో పాదరసం ఆడుకోవటానికి తెచ్చారు. ఫరవాలేదా?
ఫరవాలేదు అనవద్దు. మూత పెట్టించి తీసుకోండి. ఎక్కడినుండి వచ్చిందో మెల్లగా అడగండి, కొట్టవద్దు. భయపడితే దాస్తారు.

ట్యూబులైటు పగిలితే?
అందులో కొద్దిగా పాదరసం ఉంటుంది. కిటికీలు తెరిచి పావుగంట బయట ఉండి, తరువాత అట్టముక్కతో ఎత్తండి. కొత్త ఎల్.ఇ.డి. దీపాల్లో పాదరసం లేదు.

ముగింపు

ఒక థర్మామీటరులో పాదరసం సుమారు ఒక గ్రాము ఉంటే, పాత బి.పి. పెట్టెలో 80 నుండి 100 గ్రాముల వరకు ఉంటుంది. ఒప్పందం ప్రకారం ఈ రెండు పరికరాల తయారీ 2020తో ఆగాలి, గడువు కోరిన దేశాలకు మరి అయిదేళ్లు ఇచ్చారు. మీ ఇంట్లో పాత గాజు థర్మామీటరు ఉంటే, పగలకముందే మాకు తెచ్చి ఇచ్చి, అంకెలు చూపే డిజిటల్ థర్మామీటరు కొనుక్కోండి. పాదరసం వెళ్లిపోయినా ఆ బి.పి. చీటీ మీద దాని పేరు మాత్రం ఉంటుంది. ఆ పేరు అక్కడ ఉంటే చాలు.

ఇక మామ్మగారి సంగతి. ఆ రోజే మనిషిని పంపి గది తెరిపించాము. పిల్లవాడిని తీసుకువచ్చి డాక్టరుగారు పరీక్షించారు. దేవుని దయవలన ఏ ఇబ్బందీ లేదు. ఉంగరాన్ని మూత బిగించిన సీసాలో పెట్టి ఇచ్చి, పాదరసం అంటిందని ముందే చెప్పి, తగిన ఏర్పాట్లున్న పెద్ద నగల దుకాణంలోనే శుభ్రం చేయించమన్నాము. కొన్ని నెలల తరువాత ఆమె మనవడి దగ్గుకు మందు తీసుకోవటానికి వచ్చారు. చీటీ మా చేతికిచ్చి, “ఇందులో రసం ఏటీ లేదు గదా, సూసి సెప్పండమ్మా” అని అడిగారు.

మీరందరూ అలాగే అడగాలని మా కోరిక.